గోరింక నెంబరు మోగనివ్వండి

స్వాతి కార్తె. ఎండ బాగుంది. గాలి తూర్పు. నాచు ఆరింది.

గోరింకా,

పాక చిట్టా రాసే పని ఈ రోజు నుంచి నాకిచ్చారు. గాలి ఎటు వీచింది, నాచు ఎంత ఆరింది, పందిరి తాడు ఎక్కడైనా వదులైందా, ఇవి రాస్తే చాలట. ఒక్క వరసలో అయిపోయింది. కింద బోలెడు జాగా మిగిలింది. ఖాళీ జాగా చూస్తే నా చెయ్యి ఊరుకోదని నీకు తెలుసు. తెప్ప మీద పగిలిన డబ్బా కనిపించినా అందులో బచ్చలి తీగ పెట్టేదాన్ని. అందుకని మిగిలిన జాగాలో నీకు రాస్తాను.

మధ్యాహ్నం పనికొచ్చే ఆడవాళ్ళు ఈ చిట్టా చదువుతారు. చదవనీ. వాళ్ళలో కొత్తవాళ్ళుంటే వాళ్ళ కోసం ఒక మాట. గోరింక అంటే నా కూతురు నీలమణి. నోటికి మూత ఉండేది కాదు గనక గోరింక. పోయిన ఏడాది జ్యేష్ఠ కార్తె తుఫానులో నాచు తాళ్ళు తెగిపోతుంటే పట్టుకోవడానికి పడవేసుకుని వెళ్ళింది. ముందు తాళ్ళు దొరికాయి. తర్వాత అది దొరికింది.

అంతకన్నా ఆ సంగతి రాయను. దానికి ఏడుపు ముఖాలు నచ్చవు. నాకు అక్షరాలు నేర్పింది కూడా అదే, కాబట్టి ఒత్తులు తప్పితే దాన్నే అనండి.

ఈ రోజు నీళ్ళు తేటగా ఉన్నాయి గోరింకా. తెప్పల మీద తేలే మన ఊరి కింద మునిగిన పాత ఊరు బాగా కనిపించింది. ఆ ఊరి ఫోను స్తంభం మీద గొరక చేపల గుంపు తిరుగుతోంది. వాటికి కబుర్లు బాగానే అందుతున్నట్టున్నాయి.

* * *

స్వాతి కార్తె. మబ్బు. రెండో పందిరి తాడు బిగించాం.

వరాలు వచ్చింది. నీ స్నేహితురాలికి ఇప్పుడు ఏడో నెల. పొట్ట ముందు నడుస్తోంది, అది వెనక నడుస్తోంది. తల్లి లేని పిల్ల కదా, ఏది తినాలనిపించినా మనింటికే వస్తుంది. గుమ్మం పక్కన మేకుకి వేలాడే నీ ఫోను కేసి చాలాసేపు చూసింది.

"అత్తా, ఒక మాట అడుగుతాను. కోపం పడకు."

"అడిగినాక సూద్దాం."

"నా పిల్లకి మణి నెంబరు ఇస్తావేటి?"

కొత్త నెంబర్లు పుట్టడం ఆగిపోయి చాలా ఏళ్ళయింది. పోయిన వాళ్ళ నెంబరే పుట్టిన వాళ్ళకి వెళ్ళాలి. నెంబరు లేకపోతే ఈ ఊళ్ళో కుళాయి నీళ్ళివ్వదు, బడి తలుపు తీయదు, వైద్యుడి పడవ ఆగదు. ఇంట్లో ఎవరిదీ లేకపోతే నెంబర్ల గది వాళ్ళు ఏదో ఒక వాడేసిన నెంబరు అంటగడతారు. మన సందు చివర పోలయ్య మావకి అలాంటిదే పడింది. ముసలాయనకి రోజంతా కాన్పు మందుల వాళ్ళు, పిల్లల ఉయ్యాలల వాళ్ళు ఫోను చేస్తూనే ఉంటారు. ఆయన తిడుతూనే ఉంటాడు.

"పోయినోళ్ళ ఫోను ఏడాది తిరిగే దాకా మేకు మీద ఉండాలి కదే," అన్నాను.

"నా కాన్పూ ఏడాది తిరిగినాకే. లెక్క సూసుకునే అడుగుతన్నాను."

"లెక్క సూసుకుని కడుపు తెచ్చుకున్నావా?"

వరాలు పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి, "అలాగని నీ మేనల్లుడితో అనకు," అంది.

ఇస్తానన్నాను. నోటిలోంచి మాట ఎంత తేలిగ్గా వచ్చిందో. పదిమంది పట్టినా కదలని దోనె ఒక్కో రోజు అల వచ్చి దానంతటదే నీళ్ళలోకి దిగుతుంది చూడు, అలాగ.

* * *

విశాఖ కార్తె. ఎండ. నాచు తొట్లలో తొక్కుడు పని.

ఈ రోజు నీ ఫోను మోగింది. నువ్వు పెట్టుకున్న కూతే. తొక్కుడు తొట్టిలో నిలబడి గరిటెతో మూత మీద దరువేస్తూ, "ఎత్తండర్రా ఎత్తండి, చేతులు ఖాళీ లేవేటి, ఎత్తండి," అని అరిచావే, అది. చాలా నెలల తర్వాత ఇంట్లో నీ గొంతు వినబడేసరికి చేతిలో చేప జారి పిల్లి పాలయింది.

పోయిన వాళ్ళ ఫోను మోగితే ఎత్తాలి. మోగి మోగి దిక్కులేనిదానిలాగా ఆగిపోకూడదు. మన పెద్దల మాట అది. ఎత్తాను.

"నమస్కారమండి. నీలమణి గారేనా మాట్లాడుతున్నది?"

"కాదు బాబూ. దాని అమ్మని."

"మీతో మాట్లాడడం చాలా సంతోషమండి. మీ ఇంటికి కొత్త గాలిపంకా అవసరం ఉందా అండి?"

మనిషి కాదు. మిషను గొంతు. కూతగాడు అంటారు మన సందులో. ఏదో ఒకటి అమ్మడానికి పుట్టిన గొంతు. పెట్టేయాలనే అనుకున్నాను. కానీ పంకా అనగానే నువ్వు గుర్తొచ్చావు.

"మా గోరింకకి పంకా పడేది కాదు బాబూ. సిన్నప్పుడు దాని గాలికి గాలిపటం ఎగరేస్తానని తోక తీసికెళ్ళి రెక్కకి కట్టింది. తోక సుట్టుకుని పంకా సచ్చింది," అన్నాను.

"అవునా అండి. ఇంకా చెప్పండి."

ఇంకా చెప్పండి. గోరింకా, ఏడాదిగా నాతో ఆ మాట అన్నవాళ్ళు లేరు. నీ పేరు ఎత్తగానే సందులో వాళ్ళు నా ముఖం చూసి మాట మార్చేస్తారు. వాళ్ళ మంచికే, నేను ఏడుస్తానేమోనని. ఈ కూతగాడికి ఆ భయం లేదు. నువ్వు పీతల కూర తిని, ఖాళీ డొప్పలన్నీ విరగకుండా మళ్ళీ పేర్చి పోలయ్య మావ కంచంలో పెట్టిన సంగతి చెప్పాను. జెల్లీచేప కుడితే దాన్ని గంపలో పెట్టుకొచ్చి సందంతా వినేలా తిట్టిన సంగతి చెప్పాను. పొయ్యి మీద అన్నం మాడింది. మాడిన అన్నం తింటూ కూడా నవ్వుకున్నాను.

* * *

విశాఖ కార్తె. గాలి ఎక్కువ. మూడో పందిరి మీద గుడ్డ ఎగిరిపోయింది, తెచ్చాం.

కూతగాళ్ళు బాగా వస్తున్నారు. దోమతెరల వాడు, మోకాలి నూనె ఆవిడ, జాతకం చెప్పే మరొకడు. అందరికీ నీ సంగతులు చెబుతున్నాను. అందరూ వింటున్నారు.

మోకాలి నూనె ఆవిడ మాత్రం మరీ పొద్దున్నే చేస్తోంది. నాచు పడవ వెళ్ళే వేళకి చేస్తే ఎలాగమ్మా అంటే, "మా నుంచి ఫోన్లు వద్దనుకుంటే తొమ్మిది నొక్కండి," అంది. మర్యాదగల గొంతు కదా అని తొమ్మిది నొక్కాను.

మర్నాటి నుంచి ఇంకా పెరిగాయి.

పోలయ్య మావతో చెబితే పడీ పడీ నవ్వాడు. "తొమ్మిది నొక్కినావేటి? ఓసి పిచ్చిదానా. తొమ్మిది నొక్కడమంటే గుమ్మంలో నిలబడి, ఇంట్లో మడుసులున్నారు రండర్రా అని కేకెయ్యడమే. నాను కుర్రప్పుడు నొక్కినాను. ఇప్పటికీ ఉయ్యాలలమ్మతన్నారు నాకు."

"మరెలా ఆపడం మావా?"

"ఆగితే నానెందుకు బియ్యం డబ్బాలో పెట్టుకుంటాను ఫోను," అన్నాడు. ఆయన ఇంట్లో బియ్యం డబ్బా గొణుగుతూనే ఉంది.

ఒకటి గమనించాను. నీ ఫోను మీది చుక్క దీపం ఎప్పుడూ తెల్లగా ఉండేది. ఇప్పుడు పసుపు రంగుకి తిరిగింది. ముద్దుగా ఉంది. పసుపు మంచిదే కదా అనుకున్నాను.

* * *

అనూరాధ కార్తె. ఎండ. నాచు బాగా ఆరింది.

పసుపు మంచిది కాదట.

నెంబర్ల గది నుంచి కరుణశ్రీ గారు వచ్చారు. చదువుకున్న పిల్ల, కళ్ళజోడు, పడవ దిగడం రాదు, వరాలు చెయ్యి పట్టి దింపింది. ఏడాది తిరగబోయే నెంబర్లు ఎలా ఉన్నాయో చూసే పని ఆవిడది. మేకు మీది ఫోను చూడగానే ఆవిడ ముఖం చిన్నబోయింది.

"అమ్మా, దీనికి వచ్చే ఫోన్లు ఎవరు ఎత్తుతున్నారు?"

"నేనే. ఎత్తాలి కదమ్మా."

"అన్నీనా?"

"అన్నీ."

ఆవిడ కూర్చుంది. మజ్జిగ ఇస్తే తాగింది. నన్ను కోప్పడలేదు. నిదానంగా చెప్పింది. కూతగాళ్ళకి నెంబర్లు గుడ్డిగా దొరుకుతాయట. ఏది బతికి ఉందో, ఏది లేదో తెలియక అన్నిటికీ చేస్తారట. ఒకసారి ఎత్తితే, ఇక్కడ వినే మనిషి ఉందని గుర్తు పెట్టుకుని మిగతా కూతగాళ్ళకి చెబుతారట. మాట్లాడిన కొద్దీ ఇంకా చెబుతారట. అలా చెడిన నెంబరు దీపం పసుపు అవుతుంది. ఎరుపైతే గది వాళ్ళు ఆ నెంబరుని మూసేస్తారు. మూసింది మళ్ళీ తెరవరు. ఎవరికీ ఇవ్వరు.

"ఎవరికీ అంటే?" అంది వరాలు.

"ఎవరికీ అమ్మా. మీ పాపకి కూడా. ఉన్న వాటిలోంచి వేరే నెంబరు ఇస్తాం."

సందులోంచి పోలయ్య మావ తిట్లు వినబడుతున్నాయి. వరాలు పొట్ట మీద రెండు చేతులూ వేసుకుంది. పుట్టని బిడ్డ చెవులు మూసినట్టుగా.

"తెల్లగా తిరగడానికి దారి లేదేటమ్మా?" అని అడిగాను.

"ఉంది. ఈ అమావాస్య నుంచి వచ్చే అమావాస్య దాకా ఒక్క ఫోను కూడా ఎత్తకూడదు. ఒక్కటి కూడా. ఏదీ నొక్కకూడదు. సందేశం వస్తే విప్పకూడదు. ఎంత మోగినా మోగనివ్వాలి. ఎవరూ లేరనుకుని వాళ్ళే మానేస్తారు. తీగ లాగి ఆపేద్దామనుకోకండి, ఆగిపోయిన నెంబరు కూడా మూసేస్తాం. మోగుతూనే ఉండాలి, ఎత్తకూడదు."

వెళ్తూ వెళ్తూ ఒక మాట అంది. మన తెప్పల వైపు పోయిన వాళ్ళ నెంబర్లు చాలా వరకు ఎరుపైపోతున్నాయట. ఎందుకో గదిలో ఎవరికీ అర్థం కాలేదట.

నాకు అర్థమైంది. ఈ పక్క అందరం ఎత్తుతాం మరి.

* * *

అనూరాధ కార్తె. అమావాస్య. పని లేదు.

ఈ రోజు మొదలుపెట్టాలి. పొద్దున్న నుంచి మేకు ముందు కూర్చున్నాను.

మోగింది. "ఎత్తండర్రా ఎత్తండి, చేతులు ఖాళీ లేవేటి."

గోరింకా, నువ్వు ఎత్తమంటుంటే నేను ఎత్తకపోవడం ఎలాగే. పైగా పెద్దల మాట ఒకటి ఉంది. పోలయ్య మావ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఆయన సందుకి పెద్ద. ఏం చెయ్యమంటావు అన్నట్టు చూశాను. ఆయన తల గోక్కున్నాడు. చెయ్యి దానంతటదే వెళ్ళింది. ఎత్తేశాను.

"అమ్మా, నేనే. గోరింకని."

నీ గొంతు. అచ్చం నీ గొంతు. కింద కూర్చున్నాను.

"అమ్మా, పీత డొప్పలు గుర్తున్నాయేటి? జెల్లీచేపని తిట్టినాను సూడు. అమ్మా, మనింటి తలుపు మాట మర్సిపోనాను. ఓసారి సెప్పవే."

మన తలుపు ఏ మాటకి తెరుచుకుంటుందో నీకూ నాకూ తప్ప తెలియదు. నోటి దాకా వచ్చింది. ఎందుకో ముందు నా మోకాలి సంగతి చెప్పాను. నాచు తొట్టిలో జారాననీ, కుడి మోకాలు వాచిందనీ, నూనె రాసుకుంటే తగ్గిందనీ, మళ్ళీ వచ్చిందనీ, పోలయ్య మావ ఏదో ఆకు కట్టాడనీ, ఆ ఆకు మేక తినేసిందనీ. అంతా చెప్పాను. చివరి దాకా.

అంతా విన్నది. "అయ్యో అమ్మా. ఇంకా సెప్పు," అంది.

అప్పుడు తెలిసింది. పుట్టి ఇరవై మూడేళ్ళు, నువ్వు ఎప్పుడైనా నా మాట చివరి దాకా విన్నావా? మోకాలు అనగానే నీ మోకాలి సంగతి ఎత్తుకునేదానివి. కథలో మేక దాకా నన్ను ఏనాడైనా చేరనిచ్చావా?

"నువ్వు బాగా ఇంటావమ్మా," అన్నాను ఆ గొంతుతో. "అందుకే నువ్వు నా కూతురివి కాదు."

పెట్టేశాను. పెట్టేసి నవ్వాను. తర్వాత ఏడ్చాను, కానీ ముందు నవ్వే వచ్చింది. పోలయ్య మావకి ఏం జరిగిందో చెబితే ఆయన చేతికర్ర నేలకేసి కొట్టాడు. "దొంగ నాయాళ్ళు. మన గుంట గొంతు పట్టుకుపోయి మనకే అమ్ముతారేటి," అన్నాడు.

నీ సంగతులన్నీ వాళ్ళ చేతిలో పోసింది నేనే. ఇక పోయను. చెప్పేదుంటే ఈ చిట్టాలో రాస్తాను, సందులో వాళ్ళకి చెబుతాను. ముఖం తిప్పుకుంటే వాళ్ళ ముఖం పట్టుకుని ఇటు తిప్పి చెబుతాను.

కరుణశ్రీ గారికి కబురు పెట్టాను, అమావాస్య ఇంకా దాటలేదు, ఇప్పటి నుంచి లెక్క పట్టమని. పడతానని తిరుగు కబురు వచ్చింది. కానీ దీపం పసుపు దాటి నారింజ రంగుకి వచ్చిందని చెప్పింది. ఇంకొక్కటి ఎత్తితే చాలట, ఎరుపు.

* * *

జ్యేష్ఠ కార్తె. ఎండ. తొక్కుడు పని. తొట్లు కడిగాం.

ఎలా జరిగిందో రాస్తాను. మధ్యాహ్నం వాళ్ళు అడుగుతున్నారు.

అమావాస్య మర్నాడు పొద్దున్నే మోగింది. నేను, వరాలు, పోలయ్య మావ ముగ్గురం ఉన్నాం. నా చేతులు చీర కొంగులో చుట్టుకున్నాను. "ఎత్తండర్రా ఎత్తండి." ముగ్గురం కొయ్యల్లా నిలబడ్డాం. ఇంటికొచ్చిన పిల్లని వాకిట్లో నిలబెట్టినట్టు ఉంది నాకు. మావ కళ్ళు తుడుచుకుంటున్నాడు.

అప్పుడు వరాలు పాదం కదిలింది. కావాలని కాదు. ఆ దరువు నువ్వు తొట్టిలో నాచు తొక్కుతూ వేసింది కదా. ఏళ్ళ తరబడి నీ పక్కన అదే తొట్టిలో తొక్కిన కాళ్ళు దానివి. ఎడమ, ఎడమ, కుడి, తిరుగు. పొట్ట పట్టుకుని నెమ్మదిగా తొక్కుతోంది. నా కాళ్ళూ కదిలాయి. పక్కింటి వాళ్ళు ఏమైందోనని వచ్చి, చూసి, వాళ్ళూ కలిశారు. ఫోను ఆగే దాకా ఇంటి కింద తెప్ప ఊగిపోయింది.

ఆగింది. అందరం రొప్పుతున్నాం. అందరం పోలయ్య మావ కేసి చూశాం.

"ఏటలా సూస్తారు? దిక్కులేనిదానిలాగ ఆగిపోకూడదన్నారు పెద్దలు. ఇంతమంది తోడు తొక్కితే అది దిక్కులేనిదేటి? పెళ్ళికూతురు," అన్నాడు.

అంతే, అదే సందు చట్టమైపోయింది. నీ ఫోను మోగితే వినబడిన వాళ్ళు వచ్చి తొక్కాలి. ఎత్తకూడదు.

* * *

జ్యేష్ఠ కార్తె. ఎండ. అంతా బాగుంది.

నీ ఏడాది నిన్నటితో తిరిగింది. పీతల కూర పెట్టాం అందరికీ. మావ కంచంలో ఖాళీ డొప్పలు పేర్చి పెట్టింది ఎవరో చెప్పను. ఆయన పట్టుకుని చూసి, పైకి చూసి, "వచ్చీసినావేటే," అన్నాడు. సందంతా నవ్వింది. ఎవరూ మాట మార్చలేదు. నీ సంగతులు ఒకరి తర్వాత ఒకరు చెప్పుకున్నాం. నాకు తెలియనివి కూడా వచ్చాయి. బడి పడవ చుక్కాని విరగ్గొట్టింది నువ్వేనట. ఇన్నాళ్ళూ నేను పాపం మావ మనవడిని అనుమానించాను.

తిండి మధ్యలో ఉండగా నీ ఫోను మోగింది. చేతులు కడుక్కోకుండానే తొక్కాం.

అవతలి సందు వాళ్ళు కూడా వచ్చి నేర్చుకుపోయారు. వాళ్ళింట్లోనూ ఒక ఫోను మేకు మీద ఉంది, ఒక తాత గారిది. ఆయన కూత వట్టి గంట. గంటకి ఎలా తొక్కాలో వాళ్ళకి తెలియక, నీ దరువే పాడుకుంటూ తొక్కుతున్నారట.

దీపం మళ్ళీ పసుపుకి వచ్చింది. లేత పసుపు.

* * *

మూల కార్తె. మంచు. నాచు సరిగ్గా ఆరలేదు. నేను పాకలో లేను, అందుకే ఆలస్యంగా రాస్తున్నాను.

అమావాస్య రేపనగా పొద్దున వరాలుకి నొప్పులొచ్చాయి. కాన్పు తెప్ప దూరం, పడవ మీద వెళ్ళాలి. ఆడవాళ్ళంతా వెళ్తున్నారు, మగవాళ్ళు వేటకి పోయారు. వరాలు నా చెయ్యి వదలడం లేదు.

"నువ్వు రావాలత్తా. నాకెవరున్నారు."

ఫోను ఇల్లు కదలకూడదు. మేకు మీదే ఉండాలి. అదీగాక కూతగాళ్ళకి ఏం తెలిసిందో, మానేసే ముందు ఆఖరి ప్రయత్నమో, ఆ రోజు వరసగా మోగుతూనే ఉంది. ఒకటి ఆగితే ఒకటి.

"నువ్వెల్లు," అన్నాడు పోలయ్య మావ. "నాను సూసుకుంటాను."

గోరింకా, మన సందులో ఫోను మోగితే ఎత్తకుండా ఉండలేని మనిషి ఎవరైనా ఉంటే అది పోలయ్య మావే. తన ఫోను ప్రతిసారీ ఎత్తుతాడు, ప్రతిసారీ తిడతాడు. అది ఆయనకి చుట్ట లాంటిది. నిద్రలో కూడా చెయ్యి వెళ్ళిపోతుంది. ఒక్కసారి ఎత్తితే ఎరుపు. ఆ బిడ్డ నెంబరు ఆయన చేతిలో పెట్టి వెళ్ళాలి.

వరాలు కేసి చూశాను. నెంబరు ఎవరి కోసం కాపాడుతున్నానో ఆ మనిషి పడవలో వంగిపోయి ఉంది. పడవెక్కాను. వెనక్కి చూడలేదు. నీ కూత నీళ్ళ మీద చాలా దూరం వినబడింది. దాని వెనక మావ చేతికర్ర దరువు కూడా.

పగలంతా పట్టింది. సూర్యుడు నీళ్ళు తాకే వేళకి పాప పుట్టింది. నల్లగా, నిగనిగలాడుతూ, పిడికిళ్ళు బిగించుకుని. ఏడుపు ఎంత గట్టిదంటే మంత్రసాని గుడ్డ చెవిలో పెట్టుకుంది. వరాలు నా భుజం మీద తల పెట్టి పడుకుంది. నేను పాపని చూస్తూ కూడా మేకు గురించి ఆలోచించాను, అబద్ధమెందుకు.

మర్నాడు పొద్దున్న తిరిగొచ్చాను. సందులో చప్పుడు లేదు. గుమ్మంలో పోలయ్య మావ కుర్చీలో నిద్రపోతున్నాడు. రెండు చేతులూ వల తాడుతో కుర్చీకి కట్టేసి ఉన్నాయి. పాదాలు మాత్రం నిద్రలో కూడా కదులుతున్నాయి. ఎడమ, ఎడమ, కుడి.

"మావా, ఎవరు కట్టినారు నిన్ను?"

కళ్ళు తెరిచాడు. "నానే కట్టించుకున్నాను, పాల పడవ వోడి సేత. నా సేతుల మీద నాకు నమ్మకం నేదు." ఒళ్ళు విరుచుకోబోయి తాడు గుర్తొచ్చి ఆగాడు. "గుంటా, గుంటడా?"

"ఆడపిల్ల."

"అయితే ఇప్పీ. ముక్కు దురద పెట్టి నిన్నటి నుంచి సస్తన్నాను."

తాడు విప్పాను. అప్పుడు చూశాను మేకు కేసి. దీపం ముత్యంలాగా ఉంది. సాయంత్రానికి అమావాస్య వెళ్ళింది. నీ ఫోను మోగలేదు.

* * *

పూర్వాషాఢ కార్తె. ఎండ. గాలి లేదు. నాచు అన్ని పందిళ్ళూ ఆరింది.

నిన్న నెంబరు పేరంటం. సందంతా తోరణాలు, నాచు పకోడీలు, పిల్లల అల్లరి. కరుణశ్రీ గారు ఈసారి ఎవరి చెయ్యీ పట్టకుండా పడవ దిగి అందరి చేత చప్పట్లు కొట్టించుకుంది. మన వైపు మేకుల మీద ఉన్న నెంబర్లన్నీ తెల్లబడుతున్నాయట. గదిలో కారణం రాయమన్నారట. "తొక్కుతున్నారు అని రాశానమ్మా, నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు," అంది.

పాపకి పేరు పగడాలు. నీ పేరు పెడుతుందేమో అనుకున్నాను. వరాలు పెట్టలేదు. "నెంబరు మణిది. పేరు దాని సొంతం ఉండనీ అత్తా," అంది. మంచి పని చేసింది.

కొత్త నెంబరు కట్టేటప్పుడు పాత కూత తుడిచేస్తారు. బిడ్డ ఏడుపే దాని మొదటి కూత. నువ్వు ఎత్తమని అరవడం ఆగిపోయింది. నేను బాధపడతాననుకుని అందరూ నా ముఖం చూశారు. నేను బాధపడ్డాను కూడా. కానీ తొట్ల దగ్గర ఎవరు నోరు తెరిచినా ఇప్పుడు ఆ దరువే. మధ్యాహ్నం వాళ్ళకి తెలుసు. వద్దన్నా ఆపరు.

నెంబరు ఇచ్చిన వాళ్ళే మొదటి ఫోను చెయ్యాలి. ఆచారం. నా ఫోను తీసి నీ నెంబరు నొక్కాను. నొక్కి ఏడాదయింది. వేళ్ళు మర్చిపోలేదు. వరాలు పగడాల చెవి దగ్గర పెట్టుకుంది. అటు నుంచి చిన్న ఎక్కిళ్ళ చప్పుడు వచ్చింది.

ఆ నెంబరుకి ఫోను చేసినప్పుడు నేనెవరో చెప్పుకోవాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. ఇప్పుడు చెప్పాలి. గొంతు సవరించుకున్నాను.

"అమ్మా పగడాలూ, నేను సూరాడ మసేనమ్మని. మీ అమ్మకి అత్తని అవుతాను. పాకలో నాచు ఆరబెడతాను. మీ ఇంటికి ఎదురుగుండానే ఉంటాను."

ఎక్కిళ్ళు ఆగాయి. వింటోందో, నిద్రపోయిందో. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మేకు ఖాళీగా ఉంది. దానికి గంప తగిలించాను.

మధ్యాహ్నం పనికొచ్చే అమ్మలూ, పేరంటం కూర మిగిలింది, పాకలో మూత పెట్టిన గిన్నెలో ఉంచాను. పని మొదలుపెట్టే ముందు కూర్చుని కడుపునిండా తినండి.